పదును ఆరేలోపు విప్పిన ట్రాక్టరు

నిన్న మత్తిగిరిలో మా మరిది వాళ్ళింటికి పోతే, గులాబీ తోట కోసం కొత్తగా కొన్న చిన్న ట్రాక్టరు వాకిట్లో ఆగిపోయి ఉంది. ఏదో ఎర్ర దీపం వెలుగుతోందట, దాని నుంచే కంపెనీవాళ్ళకు ఫోన్లో కబురు పోయిందట, వాళ్ళు వచ్చేదాకా ముట్టుకోకూడదట. ఆ మాట చెప్పి మరిది నింపాదిగా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నేను కూర్చోలేకపోయాను. లేచి దాని చుట్టూ తిరిగి, సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూసి, తోడికోడలు నవ్వుతుంటే సిగ్గుపడి వచ్చేశాను.

ఎద్దులను అమ్మి మొదటిసారి ట్రాక్టరు కొన్న మా ఈడువాళ్ళకు ఆ కూర్చోలేకపోవడం ఏమిటో తెలుస్తుంది. బర్గూరు దగ్గర మాకున్న లేత మామిడి తోటలో పెద్ద ట్రాక్టరు తిరిగితే కొమ్మలు విరుగుతాయని మావారు చిన్నది కొన్నారు. నడిపేది ఆయన, చూసుకునేది నేను. గ్రానైటు లారీలు తిరిగే దారి కావడంతో తెల్లటి దుమ్ము గాలి ఫిల్టరులో పేరుకుపోయేది. పొద్దున్నే దాన్ని తీసి దులిపి, రేడియేటరులో నీళ్ళు, ఇంజనులో ఆయిలు చూసి, గ్రీజు పెట్టవలసిన చోటల్లా పెట్టి, ఆ తరువాతే పొయ్యి వెలిగించేదాన్ని. షోరూమువాళ్ళు చెప్పిన సర్వీసు ఒక్కటీ తప్పలేదు. సొంత బిడ్డలకైనా ఇంత వేళకు పాలిచ్చినావా అని మా అత్త దెప్పేది.

అంత చూసుకున్నా మొదటి ఏడాదే, మంచి వాన పడి మామిడి చెట్ల మధ్య చెనిక్కాయలు, అదే వేరుశనగ, వేయడానికి నేల పదునెక్కిన రోజునే, లిఫ్టు చెడింది. వెనక కట్టిన గొర్రును పైకెత్తితే నిలవదు, దానంతటదే మెల్లగా నేలకు దిగిపోతుంది. చాలు చివర తిరగాలంటే గొర్రు లేవాలి కదా, లేవకపోతే మామిడి వేళ్ళను చీల్చుకుంటూ పోతుంది. వారంటీ ఉందన్న ధైర్యంతో హోసూరు షోరూముకు పోయాం. అక్కడి మేనేజరు బురదలో దున్నారా, ఆయిల్లోకి నీళ్ళు పోయాయా అని తప్పంతా మాదే అన్నట్టు అడిగాడు. మాకు మడి అన్నదే లేదు, అంతా మెట్టే అని చెప్పినా, రాసుకున్నది రాసుకున్నాడు.

"కంపెనీ ఇంజనీరు చూడకుండా మేము చెయ్యి పెట్టేదానికి లేదమ్మా. మీరు ఇప్పినారంటే వారంటీ పోతాది," అన్నాడు.

ఆ ఇంజనీరు ఎప్పుడొస్తాడని ఫోను చేస్తే, క్రిష్ణగిరిలో ఉన్నాడని ఒకసారి, సేలం పోయాడని ఇంకోసారి చెప్పేవారు.

మావారికి కాలు ఒకచోట నిలవలేదు. ట్రాక్టరు స్టార్టు చేసేవారు, గొర్రు ఎత్తేవారు, అది దిగిపోతుంటే చూసి ఆపేసేవారు, కాసేపటికి మళ్ళీ పోయి అదే పని. నేను ఇంజనీరు జీపు శబ్దం వినిపిస్తుందేమోనని రోడ్డు మీదికి పోయేదాన్ని, అక్కడి నుంచి తోటలోకి పోయి గుప్పెడు మట్టి పిసికి చూసేదాన్ని. ముద్ద కట్టే మట్టి రోజురోజుకూ పొడిపొడిగా రాలసాగింది. విప్పేద్దామని ఆయన, వద్దని నేను, ఇంట్లో అదే గొడవ.

మూకండపల్లిలో ఉంటూ ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్న సెలవు రోజున వచ్చాడు. సీటు కింద మూత తీస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు. తీరా పానా చేతికి తీసుకునేసరికి మావారే వెనక్కి తగ్గి, ఇంకొక్క రోజు చూద్దామన్నారు. నాకు మాత్రం ఆ పొద్దున పిసికిన మట్టే కళ్ళముందు ఉంది.

"పదును పోయినాక వారంటీని ఏం చేసుకుంటాము? ఇప్పేయన్నా," అన్నాను.

లోపలి రబ్బరు సీలు ఒకపక్క తెగి ఉంది, బిగించేటప్పుడే కోసుకుపోయినట్టు. హోసూరు బజారులో దొరికిన సీలు తెచ్చి వేస్తే, సాయంత్రానికి గొర్రు ఎత్తిన చోట నిలిచింది. మావారు అన్నం కూడా సీటు మీదే తిని, మిగిలిన పదునులో తోటంతా దున్ని విత్తనం వేసేశారు. గట్టు పక్క నేల మాత్రం అప్పటికే ఆరిపోయింది, అక్కడ విత్తనం పలచగా మొలిచింది.

ఆ మొలకలు కనబడ్డాక వచ్చాడు ఇంజనీరు. పాత సీలును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తప్పు కంపెనీదేనప్పా. అయినా మీరు ఇప్పేసినారే, నేనేం రాసేది?" అన్నాడు.

మావారు మజ్జిగ ఇచ్చి, తోటలోకి తీసుకుపోయి మొలకలు చూపించారు. నాకు మాత్రం కోపం చాలాకాలం తగ్గలేదు. వారంటీ పోవడంతో ఆ తరువాత ఏ భాగం చెడినా మా తిప్పలు మేమే పడ్డాం. అన్న సీలు వేసిన చోట ఆయిలు చెమ్మ ఎప్పుడూ ఊరుతూనే ఉండేది, నేను తుడుస్తూనే ఉండేదాన్ని.

ఇప్పటి యంత్రాలు తమ జబ్బు తామే చెప్పుకుంటున్నాయి, మంచిదే. మనిషి చెయ్యి పెట్టే పని తగ్గింది, ఆత్రమూ తగ్గింది. మావారు పోయారు. ట్రాక్టరు ఎవరికో ఇచ్చేశాం. తోట ఉన్న చోట ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు, వాన పడితే అక్కడ తొందరపడాల్సిన పని ఎవరికీ లేదు. ఆషాఢంలో మంచి వాన వెలిసిన తెల్లారి మాత్రం ఇప్పటికీ నాకు ఇంట్లో నిలవబుద్ధి కాదు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోతాను, తడిసిన తారు రోడ్డు మీద కాసేపు నిలబడి, ఎటు పోవాలో తెలియక తిరిగి వచ్చేస్తాను.