విఠల్ తీసిన తలుపు

విఠల్‌ది బోధన్ దగ్గర పల్లెటూరు. పదహారేళ్ల కిందట అకౌంటింగ్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చాడు. చదువు పూర్తయింది గానీ ఆ ఉద్యోగం మాత్రం దొరకలేదు. బేకరీలో రొట్టెలు సర్దాడు, టాక్సీ నడిపాడు, పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక కాన్‌బెర్రా చేరి బస్సు లైసెన్సు తీసుకున్నాడు. అక్కడ గంగాలిన్ అనే పేటలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటాడు. భార్య సుమ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. ఏ ఇంట్లో భోజనాలకు పిలిచినా తొమ్మిది కాగానే లేచి నిలబడేవాడు, పొద్దున డ్యూటీ ఉందని. ఏడేళ్లలో అతని బస్సుకు చిన్న గీత కూడా పడలేదని సుమ గర్వంగా చెప్పుకునేది.

కాన్‌బెర్రా నుంచి దక్షిణాన కూమా అనే ఊరికి అతని రూటు. నూటపదిహేను కిలోమీటర్లు. రోజూ ఎక్కేవాళ్లే ఎక్కుతారు: ఆసుపత్రి నర్సులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, యూనివర్సిటీకి వెళ్లే పిల్లలు.

పోయిన ఏడాది జూలైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, ఒక గురువారం మంచు తుఫాను వచ్చింది. చీకటి పడ్డాక, అదీ కొండల మీదే కురుస్తుందని ముందు చెప్పారు. మధ్యాహ్నం రెండున్నరకే మొదలైంది. రోడ్డు ఇంకా తెరిచే ఉంది, బయల్దేరమని కంపెనీ వాళ్లు రేడియోలో చెప్పారు. మూడింటికి పద్నాలుగు మందితో విఠల్ కాన్‌బెర్రాకు తిరుగు ప్రయాణంలో కూమా దాటాడు. అరగంట గడిచేసరికి ముందు అద్దంలో తెలుపు తప్ప ఏమీ కనపడలేదు. గాలికి బస్సు పక్కకు తోసుకుపోతోంది. బ్రెడ్బో ఊరు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా ముందు ఒక లారీ రోడ్డుకు అడ్డం తిరిగి ఆగిపోయింది. వెనకాల కార్లు వచ్చి చేరాయి. ఇక ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

ఇలాంటప్పుడు ఎవరినీ కిందికి దింపకూడదని రూలు. విఠల్‌కు అది బాగా తెలుసు. హీటర్ నడవాలంటే ఇంజన్ ఆపకూడదు. ఇంజన్ నడుస్తుంటే పొగగొట్టానికి మంచు అడ్డం పడకూడదు, పడితే ఆ విషపు గాలి లోపలికే వస్తుంది. అందుకని పావుగంటకోసారి కిందికి దిగి, డస్ట్‌పాన్‌తో పొగగొట్టం చుట్టూ మంచు తోడుతున్నాడు. లోపల ఒక నర్సు తన దగ్గరున్న బిస్కెట్లు అందరికీ పంచింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. బస్సు రేడియో ఒక్కటే పలుకుతోంది.

ఆ పద్నాలుగు మందిలో రాస్ అనే ముసలాయన ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లు. ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించే పని చేసేవాడు. కూమాలో డాక్టర్‌కు చూపించుకుని ఇంటికి వెళ్తున్నాడు. ఆయన భార్య మొరీన్‌కు మతిమరుపు జబ్బు, తలుపు తీసి ఉంటే ఎటైనా వెళ్లిపోతుంది. పక్కింటామె కాపలా ఉంటోంది గానీ అయిదింటికి వెళ్లిపోతుంది. వాళ్ల ఇల్లు రోడ్డు వెంట వెళ్తే మూడు కిలోమీటర్లు, పొలానికి అడ్డంగా నడిస్తే ఒకటే. ఆ కంచెల్లో యాభై ఏళ్లు తిరిగానని, కళ్లు మూసుకుని వెళ్లగలనని ఆయన విఠల్‌తో చెప్పాడు.

విఠల్ రేడియోలో ఆ ఇంటికి ఫోన్ చేయించాడు. లైను తెగిపోయిందన్నారు. ఎవరినీ దింపవద్దని మళ్లీ గట్టిగా చెప్పారు. అదే మాట రాస్‌కు చెప్పాడు. ఆయన వాదించలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. అయిదు కావస్తుంటే ఒక్కసారి మాత్రం అడిగాడు.

"నీ భార్య అయితే నువ్వు కూర్చునేవాడివా బాబూ?"

విఠల్ తన టార్చిలైటు ఆయన చేతిలో పెట్టి తలుపు బటన్ నొక్కాడు. ముసలాయన కంచె దాటడం కనిపించింది. పది అడుగుల తర్వాత ఏమీ కనిపించలేదు.

రాత్రి తొమ్మిదింటికి మంచు తోసే బండి వచ్చింది. అందరినీ బ్రెడ్బో హాల్లోకి చేర్చారు. తలలు లెక్కపెట్టిన పోలీసుకు పదముగ్గురే తేలారు. పద్నాలుగో మనిషి సంగతి అప్పటికే రేడియోలో చెప్పానని, తలుపు తానే తీశానని విఠల్ అన్నాడు. గాలి తగ్గేదాకా వెతకడానికి వీల్లేకపోయింది. ఆ హాల్లో కుర్చీలో కూర్చుని విఠల్ తెల్లారేదాకా కునుకు తీయలేదు.

పొద్దున ఏడింటికి వాలంటీర్లకు రాస్ ఒక పాత గొర్రెల కొట్టంలో దొరికాడు. దారి తప్పి పూర్తిగా అవతలి వైపు వెళ్లాడు. ఉన్ని గోతాలు మీద కప్పుకుని పడుకున్నాడు కాబట్టి ప్రాణం నిలిచింది. మంచుకు చచ్చుబడిపోయిన కుడిచేతి వేళ్లు రెండు తీసేయాల్సి వచ్చింది.

ఇంటికొచ్చిన మూడో రోజు విఠల్ సుమతో చెప్పాడు.

"గ్లవ్స్ నా చేతులకే ఉన్నయ్. ఇయ్యాలని తోచింది కూడా. పొగగొట్టం కాడ మంచు తియ్యాలె గదా అనుకొని ఇయ్యలే."

పదముగ్గురు బతికింది ఆ పని వల్లనేనని సుమ అంది. నిజమే గానీ, ఆ మాట అతనికి ఎక్కలేదు.

కంపెనీ విచారణ పెట్టింది. ముసలాయనే ఎమర్జెన్సీ తలుపు తోసుకుని దిగాడని చెప్పెయ్యమని తోటి డ్రైవర్ ఒకడు సలహా ఇచ్చాడట. విఠల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. మూడు నెలలు బస్సు ఇవ్వలేదు, డిపోలో బస్సులు కడిగే పనిలో పెట్టారు.

ఆ మూడు నెలల్లోనే ఒక ఆదివారం రాస్‌ను చూడాలని బయల్దేరుతూ నన్ను తోడు రమ్మన్నాడు. మొరీన్ మమ్మల్ని నవ్వుతూ లోపలికి పిలిచి, కాసేపటికే ఎవరు మీరని అడిగింది. రాస్ ఎడమచేత్తోనే టీ పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం పక్కింటామె అసలు ఇంటికే వెళ్లలేదట, తుఫాను చూసి మొరీన్ దగ్గరే ఉండిపోయిందట.

విఠల్ క్షమించమన్నాడు. రాస్ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు ఆ తలుపు తీయకుండా ఉండాల్సింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నేను తిట్టేవాణ్ణి. నీ మీద కంప్లైంట్ కూడా ఇచ్చేవాణ్ణి. అయినా తీయకుండా ఉండాల్సింది."

"అవును," అన్నాడు విఠల్.

తిరిగి వస్తూ, మిచెలాగో అనే ఊరు దాటాక, ఎవరన్నా మొకం మీద ఆ మాట అంటే మనసు తేలికైతదనుకున్నానని, కాలేదని చెప్పాడు.

అక్టోబరులో అదే రూటు మళ్లీ ఇచ్చారు. వద్దంటాడనుకున్నాం, తీసుకున్నాడు. ఈ చలికాలంలో రెండుసార్లు, కంపెనీ బయల్దేరమన్నా, కూమాలోనే బస్సు ఆపేశాడు. మొదటిసారి నిజంగానే మంచు పడింది. రెండోసారి చినుకు కూడా పడలేదు. ఇంటికి చేరాల్సినవాళ్లు చుట్టూ మూగి నానా మాటలూ అన్నారు. ఒకతను ఫోన్‌లో వీడియో తీశాడు. విఠల్ అందరికీ మర్నాటి బస్సు టైము చెప్పి, ఆ రాత్రి ఉండటానికి ఎక్కడెక్కడ గదులు ఖాళీగా ఉన్నాయో ఒక్కొక్కచోటికి ఫోన్ చేసి కనుక్కోవడం మొదలుపెట్టాడు.