ఘాట్ ఎక్కిన కొత్త కారు

మా తాతగారికి గొల్లపల్లి చుట్టూ ఊళ్ళుండేవి. ఇప్పుడు నాకు సుక్మాలో రెండు అద్దె గదులు, ఒక పాత ఎలక్ట్రిక్ కారు. మా వీధిలో అలాంటి కారు మొదట కొన్నది నేనే.

వారానికి రెండుసార్లు నా భార్యను డయాలిసిస్‌కు జగదల్‌పూర్ తీసుకెళ్ళాలి. మొదట్లో కారు ఒక్క ఛార్జితో చేరేది. బ్యాటరీ బలం తగ్గాక తోంగ్‌పాల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఏసీ ఆపాల్సి వస్తోంది. ఎండలో, దుమ్ములో ఆమె చీర కొంగు ముక్కుకు కప్పుకుని కూర్చుంటుంది. దారిలో ఏ ఢాబాలోనో ఆగి ప్లగ్గు అడగమంటుంది. నేను అడగను.

ఒకరోజు డయాలిసిస్ అయ్యాక ఆమెను షోరూమ్‌కు తీసుకెళ్ళాను. అదే కారులో కొత్త మోడల్ వచ్చింది. అమ్మే కుర్రాడు తెలుగువాడే, కిరందుల్ గని కాలనీలో పెరిగాడట. ఊళ్ళో ఒక చుట్టు తిప్పుదామన్నాడు.

"మేం తిరిగేది ఘాట్ మీద. అక్కడే నడిపి చూడాలి," అన్నాను.

లోపలికెళ్ళి అడిగొచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె వెనక సీట్లో ఒరిగింది.

ఘాట్ దిగి, అడుగున వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించాను. చల్లగాలి వస్తూనే ఉంది. తెరమీద ఛార్జి అంకె కాస్త తగ్గిందంతే. కాలు ఇలా ఆనిస్తే చాలు, లారీని దాటేసింది. అద్దంలో చూశాను. నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. ఈ దారిలో ఆమె నిద్రపోవడం చూసింది అదే మొదటిసారి.

"మీ పాతది మా మెకానిక్ చూశాడండి," అన్నాడు కుర్రాడు. "ఎక్స్ఛేంజ్‌లో పెద్దగా ఏం రాదు సార్. మీ వయసుకు లోన్ కూడా కష్టం. అబ్బాయి పేరు మీద పెడితే..."

"మాకు పిల్లలు లేరు. ఆలోచించి చెబుతాం."

ఆలోచించడానికి ఏమీ లేదని నాకప్పటికే తెలుసు.

ఎదురుగా సుక్మా బస్సు హారన్ కొట్టుకుంటూ దిగిపోయింది. ఆ చప్పుడుకు ఆమె లేచింది. నన్నడగకుండా అతన్నడిగింది.

"బాబూ, ఇది పొద్దున సుక్మా నుంచి కూడా ఉంటదా?"

"ఉంటుందమ్మా. కండక్టర్‌కు ముందే చెబితే కిటికీ సీటు ఆపుతాడు."

"మా ఇంటి ఆడవాళ్ళు బస్సు కోసం రోడ్డు మీద నిలబడలేదు," అన్నాను.

"మీ ఇంటి ఆడవాళ్ళకు కిడ్నీలు కూడా పోలేదు," అంది ఆమె.

కుర్రాడు కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు. నేను నడుము నిటారుగా పెట్టి బండి నడిపాను.

మంగళవారం ఆమెను బస్టాండుకు నడిపించుకెళ్ళాను. బస్సులో ఒళ్ళో బుట్టతో కూర్చున్న ఒక దోర్లా గిరిజనురాలు జరిగి చోటిచ్చింది. నేను మెట్టు మీద కాలు పెట్టాను. లోపల నన్ను ఎరిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఒకతను లేచి, "కూర్చోండి దొరా," అన్నాడు. కాలు వెనక్కి తీసుకున్నాను.

"మీరు ఇంటికెళ్ళండి," అంది నా భార్య కిటికీలోంచి. "వాంతి వస్తే ఈ అక్క పట్టుకుంటది."

బస్సు కదిలింది. శుక్రవారం మళ్ళీ వెళ్ళాలి.