రెండు రాత్రుల పానకాలు

పానకాలు గురక గురించి ఊళ్లో చెప్పుకోనివాళ్లు లేరు. కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తే కాపలాకి అందరూ అతన్నే పిలిచేవాళ్లు. "పానకాలు పడుకుంటే దొంగలు రారు, మనకి నిద్రా రాదు" అని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. పర్చూరు పక్క పల్లెల నుంచి గుంటూరు యార్డుకి ట్రాక్టర్ మీద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలే మనిషి. లావుపాటి ఒళ్లు, ఉందా లేదా అన్నట్టుండే మెడ. క్షౌరం చేయించుకుంటూ కునుకు తీసేవాడు, పెళ్లి పందిట్లో కునుకు తీసేవాడు, చేతిలో అన్నం ముద్ద ఉండగానే తూగేవాడు.

అతని భార్య పున్నమ్మదీ అదే వరస, కాకపోతే ఆవిడకి గురక లేదు. రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఏరుతూ గోతం మీదికి ఒరిగిపోయేది. "రాత్రంతా ఏం చేస్తారే మొగుడూ పెళ్లాలు?" అని కూలికొచ్చిన ఆడవాళ్లు మేలమాడేవాళ్లు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఆవిడ ఏళ్ల తరబడి ఎర్ర టానిక్కు తాగుతూనే ఉంది. నీరసం మాత్రం వదల్లేదు.

రెండువేల ఆరులో, మిర్చి సీజన్ మొదట్లో, పానకాలు యార్డు గేటు ముందు వరసలో స్టీరింగ్ మీద తల పెట్టాడు. ముందున్న బళ్లన్నీ లోపలికి వెళ్లిపోయినా లేవలేదు. వెనకవాళ్లు హారన్లు కొట్టి, తిట్టి, చివరికి చొక్కా పట్టుకుని కుదిపారు. ఆ సంగతి తెలిసి పున్నమ్మ ఊరుకోలేదు. మొగుణ్ణి గుంటూరు ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టర్ లక్ష్మీకాంత్ గారు గొంతులోకి లైటు వేసి చూశారు. "నిద్రలో మీకు ఊపిరి ఆగుతోందేమోనని అనుమానం. ఒక రాత్రి ఇక్కడ పడుకోండి, వైర్లు పెట్టి చూద్దాం" అన్నారు.

"పడుకోడానికి ఆస్పత్రెందుకండీ, నేను ఎక్కడైనా పడుకుంటాను" అన్నాడు పానకాలు.

టెక్నీషియన్ మీరావలి తలకీ ఛాతీకీ కాళ్లకీ వైర్లు అంటించి, ముక్కు కింద సన్నటి గొట్టం పెట్టి, పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రోగి వెంట వచ్చినవాళ్ల కోసం గోడవారగా ఓ చిన్న మంచం ఉంది. పున్నమ్మ దాన్ని బరబరా లాక్కొచ్చి మొగుడి మంచానికి ఆనించింది. ఇంట్లోనూ అంతే, రెండు నులక మంచాలూ ఆనుకునే ఉంటాయి. ఆస్పత్రిలో రోగి పక్కన సొంత మనిషి లేకపోతే ఎలా? మీరావలి కూడా ఏమీ అనలేదు.

రిపోర్టు వచ్చింది. "ఊపిరి ఆగడం ఉంది గానీ కొద్దిగానే. మిషన్ అక్కర్లేదు. బరువు తగ్గండి, వెల్లకిలా పడుకోకండి" అన్నారు డాక్టరు గారు. పానకాలుకి గుండెల మీద బరువు దిగినట్టయింది. మర్నాడే ట్రాక్టర్ ఎక్కాడు.

పదిహేను రోజులైనా గడవలేదు. పట్టపగలు, చిలకలూరిపేట దాటాక, టిక్కీల లోడుతో ట్రాక్టర్ రోడ్డు పక్క కాలవలోకి ఒరిగిపోయింది. లోడు మీద కూర్చున్న బావమరిది వీరబాబు ఎగిరి పగిలిన టిక్కీల మీద పడ్డాడు కాబట్టి బతికాడు. ఒళ్లంతా కారం, కళ్లు చింతనిప్పులు.

"బావా, నిద్రపోయావా?"

"లేదురా! రెప్ప కూడా వాల్చలేదు."

అబద్ధం కాదు, అతనికి నిజంగానే తెలీదు. రోడ్డు ఉంది, తర్వాత కాలవ ఉంది, మధ్యలో ఏమీ లేదు. బండి అటు కాకుండా ఇటు ఒరిగితే ఎదురుగా లారీ. తను చస్తే చచ్చాడు, వీరబాబు పోయుంటే పున్నమ్మ మొహం ఎలా చూసేవాడు?

డాక్టరు గారు మళ్లీ ఒక రాత్రి పడుకోమన్నారు. అప్పుడు సొంత చేలో కోత నడుస్తోంది. కూలీలని వదిలి పున్నమ్మ రాలేకపోయింది, వీరబాబు తోడొచ్చాడు. గోడవార మంచం మీద వాలీ వాలగానే వాడికి ఒళ్లు తెలీలేదు. ఈసారి రిపోర్టు చూసి డాక్టరు గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలా తీవ్రంగా ఉందట. ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందట.

పానకాలుకి మతిపోయింది. "అదేంటండీ, మొన్న కొద్దిగా అన్నారు. ఒక మనిషికి రెండు రకాల నిద్రలుంటాయా?"

"రాత్రికీ రాత్రికీ కొంత తేడా వస్తుంది పానకాలూ. కొత్త చోటు, ముక్కు దిబ్బడ, పడుకున్న తీరు, ఏదైనా కావచ్చు. ఇంత తేడా ఎందుకొచ్చిందో నాకూ అర్థం కావట్లేదు. మాస్కులోంచి గాలి కొట్టే మిషన్ పెట్టాలి. ఎంత జోరుగా కొట్టాలన్నది ఇంకో రాత్రి చూస్తే గానీ చెప్పలేను. తక్కువైతే ఊపిరి ఆగుతుంది, ఎక్కువైతే మీరే మాస్కు పీకేస్తారు. అది తేలేదాకా బండి ముట్టుకోకండి."

ఇంటికొచ్చాక చూడాలి పానకాలు అవస్థ! రెండు రిపోర్టులూ మంచం మీద పెట్టుకుని, చదవడం రాకపోయినా ఒకదాని తర్వాత ఒకటి చూసేవాడు. ఇందులో ఏ పానకాలు తను? కారం ఘాటుకి ముక్కు వాచిందని ఒకడంటాడు, మిషన్ చెడిందని ఒకడంటాడు, ఆస్పత్రి వాళ్ల మాటలు నమ్మకురా అని ఇంకొకడు. రైతులొచ్చి "ఏరా, లోడుకి వస్తావా రావా? ఏదో ఒకటి తేల్చు" అని గదమాయించేవాళ్లు. తేలితే చెప్పడా? మొదటిది నిజమైతే ఇంట్లో కూర్చోడం తప్పు. రెండోది నిజమైతే స్టీరింగ్ పట్టుకోడం హత్య. ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిద్రపోయేవాడు, దరిద్రం.

కోతలయ్యాక మూడోసారి వెళ్లారు. ఈసారి పున్నమ్మ వచ్చింది. మళ్లీ మంచం బరబరా లాగింది. మీరావలి మాస్కు తగిలించి, గాలి మెల్లగా పెంచుకుంటూ పోతానని చెప్పి వెళ్లాడు.

మాటలు వినపడి పానకాలుకి మెలకువ వచ్చింది. తలుపు దగ్గర మీరావలి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఏం చేస్తున్నారు మీరు?"

పున్నమ్మ కళ్లు నులుముకుంటూ లేచింది. "నేనేం చేశాను బాబూ? నిద్రపోతుంటే!"

"ఇందాకట్నుంచి చూస్తున్నా. ఈయనకి ఊపిరి ఆగుతోంది, నేను గాలి పెంచేలోపే తిరిగొచ్చేస్తోంది. వైరు ఊడిందేమోనని వచ్చాను. మీ చెయ్యొచ్చి ఈయన డొక్కలో పొడిచింది, ఈయన పక్కకి తిరిగాడు, ఊపిరి వచ్చింది. కాసేపాగి మళ్లీ పొడిచారు. మీరు కళ్లే తెరవలేదు!"

"నేనా?" అంది పున్నమ్మ. మొగుడి వంక చూసింది. "నాకు తెలీదయ్యా. ఒట్టు."

పానకాలు పున్నమ్మ చేతి వంకే చూశాడు. మొదటి రాత్రి ఈ చెయ్యి పక్కనుంది. రెండో రాత్రి లేదు. రెండు రిపోర్టులకీ తేడా అదన్నమాట. మరి గోతం మీద ఒరిగిపోవడాలు, ఆ నీరసం, ఆ ఎర్ర టానిక్కు... రక్తం తక్కువ కాదు, దీని నిద్రంతా నేను తినేశాను అనుకున్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, మాస్కులో ఏడవడం కుదరలేదు.

"మీరుంటే గాలి ఎంత పెట్టాలో నాకు తెలీదమ్మా. వరండాలో పడుకోండి" అన్నాడు మీరావలి.

పున్నమ్మ చాప, చేతిసంచి తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మరి ఊపిరి ఆగితే ఎవరు తడతారు?"

"మిషన్ చూసుకుంటుందమ్మా."

ఆవిడ ఆ మిషన్ వంక నమ్మకం లేకుండా చూసి బయటికెళ్లింది.

తెల్లారింది. పానకాలు లేచి కూర్చుని, తనకేమయిందో అర్థంకాక చేతులు తడుముకున్నాడు. తల బరువు లేదు. గది గోడకి వేసిన రంగు కూడా కొత్తగా కనపడింది. "గాలి కుదిరిందండీ. ఇక డాక్టరు గారు చెప్పాక బండి సంగతి చూసుకోవచ్చు" అన్నాడు మీరావలి.

వరండాలోకి వచ్చాడు. జనం అటూ ఇటూ తిరుగుతున్నారు, ఊడ్చే ఆవిడ బకెట్టు చప్పుడు చేస్తోంది. పున్నమ్మ గోడవార చాప మీద పడి నిద్రపోతోంది. పక్కనున్న చేతిసంచిని ఆవిడ చెయ్యి ఒకసారి పొడిచింది. కాసేపాగి మళ్లీ పొడిచింది. అది కదలకపోయేసరికి కనుబొమలు ముడిపడ్డాయి.

పానకాలు సంచి తీసేసి అక్కడ తను కూర్చున్నాడు. చెయ్యి మళ్లీ వచ్చి అతని డొక్కలో తగిలింది.

"ఉన్నానే, పడుకో" అన్నాడు.

కనుబొమలు విడిపోయాయి. వాళ్లు ఎక్కాల్సిన చిలకలూరిపేట బస్సు వెళ్లిపోయింది, ఆ తర్వాతదీ వెళ్లిపోయింది. అతను ఆవిణ్ణి లేపలేదు.