ఎవరి చేతిలోది అయిపోతే వాళ్ళకే ఇంకోటి

మొన్న పింఛను కాగితం కోసం కొవ్వూరు జిరాక్సు షాపుకి వెళ్తే, అక్కడి కంప్యూటరు ఫ్యాను గుర్రుమని అరిచింది. ఆ చప్పుడుకి సుశీల మేడం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ పోయి రెండేళ్ళు. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది. చూపు ఆనక, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దన్నాను.

మా ఆయన పోయాక నరసాపురంలో ఆడవాళ్ళకి లేసు అల్లే పని పంచడం వదిలి, రాజమండ్రిలో ఒక కాలేజీ కంప్యూటర్ల గది తుడిచే పనిలో చేరాను. మేడం అక్కడ లెక్చరర్. పదహారు పాత కంప్యూటర్లను తీగలతో కలిపి, లినక్స్ ఎక్కించి, గోదావరి వరద లెక్కను అన్నిటిచేతా ఒకేసారి చేయించేది. వాటికి పని పంచే సాఫ్ట్‌వేర్లు రెండుంటే, ఏది పెట్టాలా అని పరీక్షిస్తోంది. ఒకరోజు తుడుస్తూ ఆగాను. ఒక్కదాని ఫ్యానే అరుస్తోంది.

"మేడం గారూ, ఒకటే చాకిరీ చేస్తోందండి. పదిహేను ఖాళీగా కూర్చున్నాయి."

"అది ముసలిది సత్యవతమ్మా. సమానంగానే పంచింది సాఫ్ట్‌వేరు. దానిది అయ్యేదాకా మిగతావి ఆగాలి."

"సమానంగా పంచితే అంతేనండి. లేసు పువ్వులు నేనెప్పుడూ ముందే పంచేదాన్ని కాదు. ఎవరి చేతిలోది అయిపోతే వాళ్ళకే ఇంకోటి."

మేడం లేచి నిలబడింది. "మళ్ళీ చెప్పు."

రెండో సాఫ్ట్‌వేరు అలాగే పంచుతుందట. కానీ దానికి నల్ల తెర, అక్షరాలే. ప్రిన్సిపాల్ గారికి మొదటిదే ముద్దు, వచ్చినవాళ్ళకి రంగులు చూపించొచ్చని. మర్నాడు ఆయన వచ్చారు. రెండోదే కావాలని మేడం చెబుతుంటే నేను తలాడించడం చూసి నవ్వారు.

"ఏంటండీ, ఈ చీపురావిడ సలహానా?"

"అబ్బే, ఆవిడకేం తెలుసండీ!" అంది మేడం, నా మొహం చూడకుండా.

రెండోదే పెట్టారు. సాయంత్రం దాకా పట్టే లెక్క భోజనాల వేళకే తేలింది. మేడం తలుపుకి ఒక కాగితం అంటించింది.

"ఏం రాశారండి?"

"నీ మాటే. పిల్లలకి తెలియాలని."

"నా పేరుందా?"

మేడం పక్క కుర్చీ లాగింది. "కూర్చో. అక్షరాలు నేర్పుతాను."

"నేర్పండి. మిమ్మల్ని తిట్టడానికైనా పనికొస్తాయి."

నేర్పింది, ఏడాది పాటు, రోజూ తన క్యారేజీ పక్కన పెట్టుకుని. బాగా నేర్పింది, అందుకే నాకు కోపం చల్లారదు. నేను సొంతంగా రాసిన మొదటి మాట నా పేరు. స్టూలెక్కి, ఆ కాగితం కింద, పెద్దగా రాశాను. 'త్య'లో వత్తు మరిచాను. మేడం చూసింది. ఎర్ర పెన్నుతో ఆ వత్తు పెట్టి వెళ్ళిపోయింది. తప్పయిందని మాత్రం అనలేదు.

జిరాక్సు షాపాయన సంతకం పెట్టమన్నాడు. ఆ వత్తు దగ్గర పెన్ను ఎప్పటిలాగే గట్టిగా దిగింది.

"నెమ్మదండీ, చిరిగిపోతుంది!"

"చిరగనీ బాబూ," అన్నాను, "ఇంకో కాగితం ఇవ్వు."