కాచిగూడ అమ్మాయి కోడ్

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వానకు తడిసిన పాత పుస్తకాల వాసన తగలగానే నర్సింగరావు సార్ గుర్తొచ్చారు. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పై అంతస్తులో ఉన్న మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆయనదే. ఎవరు ఏ కోడ్ రాసినా ముందు కాగితం మీద ప్రింటు తీయించేవారు. స్క్రీన్ మీదయితే కళ్లు జారిపోతాయట. పెన్సిల్ పట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దే పంతులులా, ఒక్కో వరుసా చదివేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

వెబ్‌సైట్లు కట్టడానికి మాకు సొంత ఫ్రేమ్‌వర్క్ ఒకటుండేది, ప్రతి సైటుకూ పునాదిలాంటి కోడ్. సైటు ఆగిపోతే కారణం చెప్పే ఎర్రర్ పేజీ అందులో నేను రాసిందే. రెండేళ్లపాటు దాన్ని చూసుకుని మురిసిపోయాను. ఒకరోజు సార్ పిలిచి, కాచిగూడలో ఉండే కవిత అనే అమ్మాయి అందరికీ ఉచితంగా ఇస్తున్న, కోడ్‌లో తప్పులు వెతికిపెట్టే డీబగ్గింగ్ టూల్ చూపించారు. నా పేజీ జరిగిన తప్పేమిటో పేరు మాత్రం చెప్పి ఊరుకునేది. ఆమెది తప్పు జరిగిన వరుసనూ, దానికి ముందు నడిచిన ప్రతి అడుగునూ విప్పి చూపించింది.

"నీది తీసేసి గిదే ఫ్రేమ్‌వర్క్ లోపల పెడదాం. ఆ పని నువ్వే చెయ్యాలె," అన్నారు సార్.

కడుపు మండిపోయింది. ముఖమైనా చూడని మనిషి మీద అంత అసూయ పుడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక్క పెద్ద లోపం పట్టుకుంటే చాలు, నా పేజీ మిగులుతుందనుకున్నాను. ఆమె కోడ్ మొత్తం ప్రింటు తీసి, వారం రోజులు పొద్దున్నే నాంపల్లి స్టేషన్ దగ్గరి హోటల్లో కూర్చుని, చాయ్ చల్లారిపోతున్నా చదివాను. చివరికి దొరికింది. సైటు ఆగినప్పుడు, దాన్ని వాడుతున్న మనిషి టైపు చేసిన పాస్‌వర్డ్ కూడా తెర మీద కనిపిస్తోంది. పండగ చేసుకున్నంత సంతోషంతో సార్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన నిదానంగా చదివారు. "మంచిగనే పట్టినవ్. గింత కసితోని నీ కోడ్ ఎప్పుడన్న చదివినవా?"

చదవలేదు. ఆ సాయంత్రమే చదివాను. నా పేజీ పాస్‌వర్డ్‌ను తెర మీద చూపించేది కాదు, ఆఫీసులో ఎవరైనా తెరిచి చూడగల ఒక ఫైల్లో రాసిపెట్టేది. రెండేళ్లుగా. ఎలాగూ తీసేసే పేజీ కాబట్టి నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. మర్నాడు సార్‌కు చెప్పేశాను. ఆయన కేకలేయలేదు. క్లయింట్లందరికీ స్వయంగా ఫోన్ చేసి తప్పు మాదేనన్నారు, నా పేరెత్తలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ అమ్మాయికి గూడ రాయి. ఆమె తప్పు గురించి రాసేటప్పుడు నీ తప్పు గూడ రాయాలె," అన్నారు.

రాశాను. రెండో రోజుకల్లా ఆమె సరిచేసి, కృతజ్ఞతలు చెప్పి, సాయం చేసినవాళ్ల జాబితాలో నా పేరు పెట్టింది. ఆ మంచితనం చూసి ఇంకా ఒళ్లు మండింది. నా పేజీని నా చేత్తోనే తీసేసి ఆమె టూల్‌ను లోపల పెట్టాను.

సార్ పోయి మూడేళ్లయింది. కవిత మీద అసూయ మాత్రం ఎక్కడికీ పోలేదు, నేనూ పోనివ్వలేదు. ఇవాళ్టికీ ఏదైనా రాయడం అయిపోగానే, అది ఆమె రాసిందనుకుని చదువుతాను. తప్పులు అప్పుడే దొరుకుతాయి.