దాచొద్దన్న మా మేనత్త

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒక ఉదయం రామచంద్రపురం నుంచి ఫోన్ వచ్చింది. ఆమెకు గుండె ఆగిపోయిందట. నేను బంధువులకు కబురు చెబుతుంటే చాలామంది మొదట అడిగిన మాట ఒకటే: "ఫిట్స్ వచ్చిందా?" కాదండీ, గుండె అని చెప్పి చెప్పి విసిగిపోయాను. ఎన్నో ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పిన టీచరు గురించి జనానికి గుర్తున్నది ఆ ఒక్క జబ్బేనా అనిపించింది. అందుకే మీతో ఈ నాలుగు మాటలు.

అత్తయ్యకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. తాతగారు ఆ సంగతి దాచి పెళ్ళి చేశారు. అత్తవారింట్లో పొయ్యి దగ్గర పడిపోయిన రోజున బయటపడింది. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. మూర్ఛ ఉందని పెళ్ళి రద్దు చేయించుకోవడానికి అప్పటి చట్టంలో వీలుండేది. ఆ మాటను చాలా ఏళ్ళకు గానీ తీసెయ్యలేదు. తన జబ్బు గురించి ఎవరెవరో జడ్జికి చెబుతుంటే అత్తయ్య నిలబడి వినవలసి వచ్చిందట. చేతి మీద కాలిన మచ్చతో పుట్టింటికి వచ్చింది. బి.ఇడి. చదివింది. మళ్ళీ పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు.

పదో తరగతిలో నాకూ ఫిట్స్ మొదలయ్యాయి. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. అత్తయ్య వచ్చి నన్ను డాక్టరుకు చూపించి, ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని పాఠంలా చెప్పింది.

"మన పాత వైద్యులు దీన్ని అపస్మారం అన్నారు, అంటే జ్ఞాపకం తప్పడం. గ్రీకులు దేవుడు పట్టేడన్నారు. ఐరోపాలో దెయ్యమన్నారు, అంటుకుంటుందన్నారు. ఇది మెదడు జబ్బేనని ఆ గ్రీసులోనే వైద్యులు రాసిపెట్టేరు. రాసి రెండు వేల ఏళ్ళు దాటింది. మీ అమ్మ దాకా ఇంకా రాలేదు."

అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది.

నా డిగ్రీ అయ్యాక రాజోలు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫిట్స్ సంగతి చెప్పకూడదని ఇంట్లో అనుకున్నారు. ఫ్రిజ్ మీదుండే నా మాత్రలు బీరువాలోకి వెళ్ళాయి. పెళ్ళిచూపుల రోజు అత్తయ్య పిలవకుండానే అమలాపురంలో మా ఇంటికి వచ్చింది. నాన్న గుమ్మంలోనే ఆపారు.

"అక్కా, వాళ్ళు వెళ్ళేదాకా లోపల గదిలో ఉండవా."

"ఉంటాన్రా. పిల్లని మాత్రం నిజం చెప్పనీ."

"చెబితే లేచిపోతారు."

"ఇప్పుడైతే కుర్చీల్లోంచి వాళ్ళే లేచిపోతారు. తర్వాతైతే దీన్ని లేపి పంపుతారు. నాకు తెలుసు కదరా."

బయట కారు ఆగింది.

మాటల మధ్య పెళ్ళికొడుకు తల్లి మామూలుగానే అడిగారు, "అమ్మాయి ఆరోగ్యం బాగుంటుందాండీ?" అని. "ఆయ్, ఏ ఇబ్బందీ లేదండి," అంది అమ్మ. లోపలి గది తలుపు ఓరగా ఉంది. అత్తయ్య చీర అంచు మాత్రం కనబడుతోంది.

"నాకు ఫిట్స్ ఉన్నాయండి. మందులు వాడుతున్నాను," అన్నాను.

పెళ్ళికొడుకు తండ్రి కాఫీ కప్పు కింద పెట్టి లేచారు. ఆవిడ మాత్రం కదలకుండా నన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆయన వెనకే వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నాన్న అత్తయ్యతో మాట్లాడటం మానేశారు.

కొన్నాళ్ళకు ఆ పెళ్ళికొడుకు తల్లి ఒక్కరే మళ్ళీ వచ్చారు. సంబంధం కోసమేనేమోనని అమ్మ గబగబా కుర్చీ తుడిచింది. ఆవిడ కూర్చోలేదు.

"మా రెండో అమ్మాయికీ ఉందండి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు ఏ డాక్టరుకి చూపిస్తున్నారండి?"

నాన్న ఫోన్ తీసి అత్తయ్యకు కలిపారు.

ఆ సంబంధం కుదరలేదు. తర్వాత వేరే చోట, అన్నీ చెప్పే, నాకు పెళ్ళయింది. ఆ తల్లీకూతుళ్ళను మాత్రం అత్తయ్యే భీమవరంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుకు నన్నూ రమ్మంది. సఖినేటిపల్లి రేవులో, మనుషుల్నీ బైకుల్నీ అవతల నర్సాపురానికి దాటించే పంటు ఎక్కాం. గోదావరి మధ్యకు వచ్చేసరికి ఆ అమ్మాయి ఒళ్ళు బిగుసుకుపోయి, బైకుల మధ్య పడిపోయింది.

జనం మీదకొచ్చేశారు. ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టబోయారు. ఒకరు పళ్ళ మధ్య ఏదైనా పెట్టమన్నారు. "ఇలాంటోళ్ళని నీళ్ళ మీదకి ఎందుకు తెచ్చేరండీ?" అన్నాడొకాయన. ఎవరూ చూడకూడదని తల్లి తన కొంగు తీసి కూతురి ముఖం మీద కప్పబోయింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కప్పకండి. గాలాడాలి."

కింద కూర్చుని పిల్లను పక్కకు తిప్పి, చేతిసంచి తల కింద పెట్టింది. "చేతిలో ఏమీ పెట్టకండి బాబూ, నోట్లో అసలే వద్దు. దానంతటదే తగ్గుతుంది. నాకూ ఉంది ఈ జబ్బు. మా మేనకోడలికీ ఉంది," అని నన్ను చూపించింది, అంతమంది ముందు. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా వెళ్ళి పక్కన కూర్చున్నాను. పిల్ల ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఎన్ని నిమిషాలైందో అత్తయ్య వాచీలో చూస్తోంది.

మెల్లగా పిల్ల ఒళ్ళు సడలింది. కళ్ళు తెరిచి, "ఎక్కడున్నాం?" అంది.

"నర్సాపురం వచ్చేశామమ్మా," అంది అత్తయ్య.

పంటు ఒడ్డుకు తగలకముందే బైకులు స్టార్టు చేసి ఒకరినొకరు తోసుకోవడం అక్కడ మామూలు. ఆ పూట ఎవరూ స్టార్టు చెయ్యలేదు. బళ్ళు పక్కకు జరుపుకుని దారి వదిలారు. చీర కుచ్చెళ్ళకు నూనె మరక అంటుకుని ఉంది అత్తయ్యకు. అది చూసుకోకుండా, ఆ పిల్ల నడుం చుట్టూ చెయ్యి వేసి, రెండు పక్కలా నిలబడ్డ జనం మధ్య నుంచి నెమ్మదిగా రేవు ఎక్కుతోంది.