‘పోలమ్మను నేనే’ అన్న ముసలామె

దెయ్యాలకు భయపడాలన్నా కాస్త ఓపిక ఉండాలి. నాకు ఆ ఓపిక ఎప్పుడూ లేదు. పొద్దున్నే బస్సు దిగి, కాలవ దాటి, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిచి, సాయంత్రం మళ్ళీ అదే దారిన తిరిగొచ్చే మనిషికి నడుం వాలిస్తే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. అద్దె తక్కువని శ్మశానం పక్కన గది తీసుకుని చాలాకాలం ఉన్నాను. ఏదీ కనిపించలేదు, ఏదీ వినిపించలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా అటువంటి చోట జరిగింది కాదు. పట్టపగలు, ఊరందరి ముందు జరిగింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. విడవలూరుకు అవతల, సముద్రం ఒడ్డు పాలేలకు నన్ను గ్రామసేవికగా వేశారు. పిల్లలకు పాలపొడి పంచాలి, బాలింతలను చూడాలి, ఇంటింటి సంగతులూ రాసి ఆఫీసుకు పంపాలి. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరికి ఏం జబ్బు, మొగుడు తాగుతాడా, కొడతాడా, అన్నీ అడగాలి. ఆడవాళ్ళు చెప్పేవాళ్ళు కూడా. గవర్నమెంటు మనిషి కదా, ఎవరికీ చెప్పదులే అనుకునేవాళ్ళు పాపం.

ఆఫీసులో ఆ కాగితాలు బల్ల మీద పరిచి ఉండేవి. టీ తెచ్చే మనిషి కూడా తీరిగ్గా నిలబడి చదివేవాడు. నేను కవరు మీద ‘రహస్యం’ అని రాస్తే గుమాస్తా ముందు దాన్నే చించేవాడు. ఇదేం పనండీ అని ఒకసారి అడిగాను.

“లోపలేముందో చూడకుండా రహస్యమని నాకెట్లా తెలుస్తుందమ్మా?” అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

ఒక పాలెంలో పోలమ్మ అనే అమ్మాయి ఉండేది. ఇరవై నిండాయో లేదో. చేపలు పట్టుకునే కుటుంబం, చంకలో చంటిపిల్ల. ఒకరోజు పాలపొడి తీసుకున్నాక ఇంటికి పోకుండా నా వెనకే సరుగుడు తోటదాకా వచ్చింది. అటూ ఇటూ చూసి రవిక చెయ్యి పైకి లాగి చూపించింది. రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ, దాని మధ్యలో కాలిన గాయం.

“పొయ్యికాడ నిప్పురవ్వ పడిందక్కా. పడినట్టు నాకు తెలవలా. వాసనొచ్చినాక చూసుకున్నా,” అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజు నుంచీ బిడ్డను పక్కలో పండబెట్టుకోవడం మానేసిందట. బిడ్డ కాళ్ళతో తంతోంది, నిద్ర పట్టడం లేదని అత్తకు సాకు చెప్పిందట. రాత్రిళ్ళు అత్త పక్కలో బిడ్డ ఏడుస్తుంటే చెవులు మూసుకుని పడుకుంటుందట.

అది పెద్దరోగమే, కుష్టు. మొదట్లోనే ఉంది, మాత్రలు వాడితే నయమవుతుందని చెప్పాను. ఆమె భయం రోగం గురించి కాదు. “కాపులకు తెలిస్తే దురాయి వేస్తారక్కా,” అంది. ఆ పాలేలలో కాపులంటే ఊరి పెద్దలు, దురాయి అంటే వాళ్ళు వేసే కట్టుబాటు. అది పడితే ఆ ఇంటి మగవాణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకోరు, ఆ ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. అంతకుముందు ఈ రోగం వచ్చిన ఒకామెను బిడ్డను అత్తింట్లోనే ఉంచేసి ఊరు దాటించారు. పోలమ్మ అది కళ్ళారా చూసింది.

మాత్రలు పాలపొడి పొట్లంలో పెట్టి ఇచ్చేదాన్ని. ఆమె ఒక్క ఇంటికే పోతే ఊరు ఊరుకోదు కాబట్టి వీధి మొత్తం తిరిగేదాన్ని. ఒక్క గడప దాచడానికి అన్ని గడపలూ తొక్కాలి. ప్రతి ఇంట్లో కూర్చోవాలి, ప్రతి అత్తగారి మోకాళ్ళ నొప్పులూ వినాలి. నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఒక్కటే నా చేతిలో లేకుండా పోయింది. పేరు రాసివ్వనిదే ఆస్పత్రివాళ్ళు మందు ఇవ్వరు. పేరు, మొగుడి పేరు, పాలెం పేరు, అంతే రాశాను. ఆస్పత్రికి పోయే ఉత్తరమైనా సమితి ఆఫీసు మీదుగానే పోవాలని రూలు. గుమాస్తా తన అలవాటు ప్రకారం చించాడు, తీసుకెళ్ళి కొత్తగా వచ్చిన ఆఫీసరుగారి ముందు పెట్టాడు.

ఆఫీసరుగారు చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ఇంత పని జరిగేది కాదు. రోగులను దాచిపెట్టకూడదు, అందరికీ అవగాహన రావాలి అనుకున్నాడు. కాంపౌండరును వెంటబెట్టుకుని జీపులో పాలేనికి బయలుదేరాడు. దారిలో నన్నూ ఎక్కించుకున్నారు. ఎందుకు పోతున్నామో జీపులో చెప్పాడు. ఆ పేరు బయటికి చదవద్దండీ అని బతిమాలాను. “రోగం రావడం తప్పేం కాదమ్మా,” అన్నాడు.

పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఊరంతా ఇసుక మీదే ఉంది. వలలు బాగుచేసుకునే పాక కింద కాపులు కూర్చున్నారు. పోలమ్మ బిడ్డతో జనం వెనక నిలబడి ఉంది. ఆమె అత్త మాత్రం ఎండుచేపలు అమ్ముకోవడానికి విడవలూరు పోయింది. ఆఫీసరుగారు నాలుగు మంచి మాటలు చెప్పి, కాగితం విప్పి, “పోలమ్మ ఎవరు?” అన్నాడు.

ఆ ఊళ్ళో పోలమ్మలు చాలామంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన మొగుడి పేరు చదవడానికి మళ్ళీ కాగితం వైపు వంగాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

“నేనేనయ్యా పోలమ్మని,” అంటూ గంపల దగ్గర నుంచి ఒక ముసలామె లేచింది.

నేనామెను అంతకుముందు చూడలేదు. తల నెరిసి, నడుం వంగిపోయి ఉంది. ముందుకొచ్చి చెయ్యి చాపింది. రూపాయి బిళ్ళంత మచ్చ, మధ్యలో కాలిన గుర్తు. కాంపౌండరు సూదితో గుచ్చాడు. ఆమె ఉలిక్కిపడలేదు. ఎలా తెలిసిందని ఆఫీసరుగారు అడిగాడు.

“నిప్పురవ్వ పడితే తెలవలా సామీ. వాసనొచ్చినాక చూసుకున్నా. ఆ పొద్దు నుంచి బిడ్డని పక్కలో పండబెట్టుకోవడం మానేసినా. కాళ్ళతో తంతాదని అత్తకి చెప్పినా.”

జనం ఘొల్లుమన్నారు. ఈ వయసులో బిడ్డేంది, అత్తేంది అని ఒకటే నవ్వులు. ఆఫీసరుగారు కూడా నవ్వాపుకుంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొగుడి పేరు చదవనేలేదు. నవ్వనిది పోలమ్మ ఒక్కతే. బిడ్డను గట్టిగా హత్తుకుని నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

జీపెక్కమంటే, రేపు నేనే ఆస్పత్రికొస్తాలే అని ముసలామె ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచిపోయింది. మాయం కాలేదు. అందరూ నడిచిపోయినట్టే నడిచిపోయింది. ఆస్పత్రికి రాలేదు. జీపులో వచ్చిన ఆమె అనుకున్నామని పాలెంవాళ్ళన్నారు. పాలెం మనిషే కదా అని డ్రైవరన్నాడు. ఒడ్డు పొడుగునా ఉన్న పాలేలన్నిటిలో అడిగాను, బిచ్చగత్తెలను కూడా అడిగాను. అటువంటి మనిషి తమకు తెలియదన్నారు.

మచ్చ ఎవరికైనా ఉండొచ్చు. పోలమ్మ అనే పేరూ ఉండొచ్చు. బిడ్డ మాట మాత్రం నేను ఏ కాగితం మీదా రాయలేదు. డాక్టరుగారికి కూడా చెప్పలేదు. అది పోలమ్మకు తెలుసు, నాకు తెలుసు.

ఆ తర్వాత కూడా వీధంతా తిరుగుతూనే ఉన్నాను. పోలమ్మ పొట్లం అందుకునేది, మాట్లాడేది కాదు. మాత్రలు మానలేదు, అంతవరకు నయం. గాయం మానింది, మచ్చ తగ్గింది. బిడ్డ తల్లి పక్కకు చేరింది. నాకు తడ వైపు బదిలీ అయింది. చివరిసారి పోయిన రోజు ఆమె కాలవదాకా నాతో నడిచింది.

“మందిచ్చినావు, బతికించినావు. నీ మేలు మరిచిపోనక్కా. నా బిడ్డ మాట ఆ ముసల్దానికి ఎందుకు చెప్పినావు?”

“నేను చెప్పలేదు పోలమ్మా. నువ్వే ఎవరితోనైనా అన్నావేమో.”

“కన్నతల్లికే చెప్పలా. నువ్వూ చెప్పక నేనూ చెప్పక, దెయ్యం చెప్పిందా?” అంది. నవ్వలేదు. పడవ వచ్చింది, ఎక్కాను.

ఎన్ని విధాలుగా ఆలోచించినా ఆ ముసలామె ఎవరో నాకు అంతుపట్టలేదు, ఇక పట్టదు కూడా. పోలమ్మకు కూడా నాలాగే దెయ్యాల మీద నమ్మకం లేదు. కాబట్టి ఆమె లెక్కలో ఆ మాట చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.